నామినీ ఫారంలో ‘సంబంధం’ అన్న గడి

మొన్న మార్చిలో మా వారు రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్ చేద్దామని ఇద్దరం బ్యాంకుకి వెళ్ళాం. ఫారంలో నామినీ పేరు, వయసు, చిరునామా, చివర్న ‘సంబంధం’ అని ఒక గడి. మా వారు ‘భార్య’ అని రాసేశారు. నా దాంట్లో నేను ‘భర్త’ అని రాశాను. ఒక్క క్షణం కూడా పట్టలేదు.

పక్క కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడ కుర్చీలో కూర్చుని ఉంది. డెబ్భై దాటి ఉంటాయి. నెరిసిన జుట్టు ముడి, నలిగిన నేత చీర, చేతిలో కర్ర. పక్కన నలభై ఏళ్ళ ఆవిడ నిలబడి ఫారం నింపిస్తోంది. పెద్దావిడ గొంతు వినగానే గుర్తుపట్టాను. ముప్ఫై ఏళ్ళ కిందట మా అబ్బాయి బారసాల రోజు డోలక్ మోగించుకుంటూ మా ఇంటికి వచ్చి, వాణ్ణి చేతుల్లోకి తీసుకుని ఆడించి, నూరేళ్ళు బతకమని దీవించి వెళ్ళింది ఆవిడే. మా అత్తయ్యగారు చాటలో బియ్యం, కొబ్బరికాయ, రవికెల గుడ్డ, నూటపదహార్లు పెట్టి ఇచ్చారు. వాళ్ళ దీవెన మంచిదనీ, వట్టి చేతులతో పంపకూడదనీ ఆవిడ నమ్మకం. అంతవరకే మాకు తెలుసు. ఆవిడ ఎక్కడుంటుందో, ఎవరితో ఉంటుందో మేమెవ్వరం ఏనాడూ అడగలేదు.

కౌంటర్‌లో కుర్రాడు అడిగాడు, “ఈమె మీకేమవుతారు?”

“కూతురు.”

“సొంత కూతురా అండీ?”

“సొంతం కాకపోతే నన్ను ఆస్పత్రులకి ఎవరు తిప్పుతున్నారు బాబూ?”

ఆ అబ్బాయి మంచివాడే. ఏం రాయాలో తెలియక తికమకపడ్డాడు. చివరికి “ఫ్రెండ్ అని రాసేద్దామా?” అన్నాడు. పెద్దావిడ మాట్లాడలేదు. పక్కనున్నావిడే “ఏదో ఒకటి రాయండి సార్, లైన్లో జనం ఉన్నారు” అంది.

ఇంటికి వచ్చాక ఆ గడి నన్ను వదల్లేదు. నేను క్షణంలో నింపిన గడి దగ్గర ఆవిడ అంతసేపు ఎందుకు ఆగిపోవలసి వచ్చింది? అప్పట్నుంచీ దొరికిందల్లా చదువుతూ వచ్చాను. ఆ గడి వెనక నూట యాభై ఏళ్ళకి పైబడిన కథ ఉందని తెలిశాక, మీతో చెప్పకుండా ఉండలేకపోయాను.

వాళ్ళ ఇల్లు ఎలా నడుస్తుంది

హిజ్రాల గురించి మనకి తెలిసిందల్లా చప్పట్లు, డబ్బులు, దీవెనలు. లేకపోతే ‘నర్తనశాల’లో బృహన్నల. 1963లో రామారావుగారు ఆ వేషం కడితే ఊళ్ళకి ఊళ్ళు వెళ్ళి చూసొచ్చాయి. కానీ అర్జునుడికి ఒక్క ఏడాదే గడువు. అజ్ఞాతవాసం అయిపోగానే చీర విప్పి గాండీవం పట్టుకున్నాడు. బృహన్నల ముసలిదైతే ఎవరు చూస్తారన్న ప్రశ్న విరాటపర్వంలో రానే రాదు. మన వీధిలోకి వచ్చేవాళ్ళకి ఇది ఏడాది ముచ్చట కాదు. మోకాళ్ళ నొప్పులూ, షుగరూ, కళ్ళల్లో శుక్లాలూ వచ్చేదాకా నడిచే జీవితం.

పదిహేను పదహారేళ్ళకి ఇంట్లోంచి గెంటేసిన పిల్లకి, లేదా తనే పారిపోయి వచ్చిన పిల్లకి, మొదట కావలసింది ఒక గురువు. పెద్దల ముందు ‘రీత్’ అనే తంతు జరిపి గురువు తన చేలాగా స్వీకరిస్తుంది. ఆ రోజు నుంచీ ఆ పిల్లకి చుట్టరికాలన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. గురువుకి గురువు దాదగురు. తోటి చేలాలు గురుభాయిలు. రేపు తనే ఒక చేలాని చేర్చుకుంటే, తన గురువుకి ఆమె నాతి చేలా, అంటే మన లెక్కలో మనవరాలు. ఇది కాక పాలసంబంధం అని ఇంకోటి ఉంది. పాలు తాగించే తంతుతో ఒకరికొకరు తల్లీకూతుళ్ళవుతారు. గురు చేలాల మధ్య పద్దులూ కట్టుబాట్లూ ఉంటాయి. పాలసంబంధంలో ఉండేది ప్రేమే.

మన జంటనగరాల్లో హిజ్రా కుటుంబాలు రెండు వంశాలు. సికింద్రాబాద్ వైపువాళ్ళు లష్కర్‌వాలాలు, పాత హైదరాబాద్ వైపువాళ్ళు షహర్‌వాలాలు. పెద్ద గురువులని నాయక్ అంటారు. ఈ సంగతులన్నీ గాయత్రి రెడ్డి అనే పరిశోధకురాలు మన నగరంలోనే వాళ్ళ మధ్య తిరిగి తెలుసుకుని 2005లో ఇంగ్లీషులో పుస్తకంగా వేశారు. అది చదువుతుంటే సిగ్గేసింది. నేను లష్కర్‌లో బోనాలకి వెళ్ళి వచ్చే దారుల్లోనే ఆ ఇళ్ళున్నాయి. ఏనాడూ తెలుసుకోలేదు.

వయసులో ఉన్న చేలా తన సంపాదనలో వాటా గురువుకి ఇస్తుంది. గురువు తల దాచుకునే చోటు, ఒక వంశం పేరు, పోలీసులతోనో రౌడీలతోనో గొడవొస్తే అండ ఇస్తుంది. గురువు వీధిలోకి వెళ్ళలేని వయసు వచ్చాక చేలాల సంపాదనే ఇంట్లో పొయ్యి వెలిగిస్తుంది. గురువు పోతే చాలా ఇళ్ళల్లో చేలాలు గాజులు తీసేసి, తెల్లచీర కట్టి, భర్త పోయినంత మైల పాటిస్తారు. ఇల్లూ సామానూ చేలాలకి వస్తాయి. ఆ చేలా రేపు గురువవుతుంది. మనం పీఎఫ్ అనీ పెన్షన్ అనీ చెప్పుకునేదంతా వాళ్ళకి ఈ గొలుసులోనే ఉంది. వృద్ధాశ్రమాలు అనే మాట మన ఇళ్ళల్లోకి రాకముందే, పిల్లలు లేని, పుట్టింటివాళ్ళు వదిలేసిన ముసలివాళ్ళ కోసం వాళ్ళు కట్టుకున్న ఏర్పాటు ఇది.

దత్తత చెల్లదన్న రోజులు

మరాఠాల పాలనలో కొందరు హిజ్రాలకి సనదు రాసిచ్చిన హక్కులుండేవి. కొన్ని ఊళ్ళల్లో భూమి, కొన్నిచోట్ల ఖజానా నుంచి రొక్కం, ఇంటింటా అడిగి తీసుకునే హక్కు. గురువు తర్వాత అవి చేలాకి వెళ్ళేవి. కుంపిణీవాళ్ళు ఆ ప్రాంతాన్ని పట్టుకున్నాక, పందొమ్మిదో శతాబ్దం మధ్యకి వచ్చేసరికి ఈ ఇనాములమీద కన్ను పడింది. ఉన్నవాళ్ళు బతికున్నన్నాళ్ళూ అనుభవించినా, చేలాకి వారసత్వంగా వెళ్ళడానికి వీల్లేదన్నారు. చేలా కడుపున పుట్టిన బిడ్డ కాదు కదా, మరి వారసురాలెలా అవుతుందని వాదన.

ఈ వాదన మనకి కొత్తది కాదు. దత్తపుత్రుడు చెల్లడంటూ 1854లో ఝాన్సీని కలిపేసుకున్నవాళ్ళు కూడా వీళ్ళే. లక్ష్మీబాయి కథ బళ్ళో చదివాం. అదే దశాబ్దాల్లో హిజ్రాల ఇళ్ళల్లోనూ జరిగిన అలాంటి కథ మాత్రం ఏ పాఠంలోనూ రాలేదు.

1852లో ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురిలో భూరా అనే హిజ్రా హత్యకి గురైంది. చనిపోయింది ఆమె. కానీ ఆ కేసు తర్వాత ఆంగ్లేయ అధికారులు వేలెత్తి చూపింది హిజ్రాలందరినీ. వీళ్ళని అదుపులో పెట్టడం ఎలా అన్న ఆలోచన అక్కడ మొదలై, 1871లో చట్టమైంది. అదే క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్. మన స్టూవర్టుపురం పేరు వినని తెలుగువాళ్ళుండరు. ఎరుకలవాళ్ళని పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి సెటిల్‌మెంట్‌లో పెట్టింది ఆ చట్టం పేరుతోనే. దాని రెండో భాగం హిజ్రాల గురించి అని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

ఆ రెండో భాగం ముఖ్యంగా ఉత్తరాదిన అమలైంది. పోలీసులు హిజ్రాల పేర్లు, ఇళ్ళు, ఆస్తులు రిజిస్టరులో రాసుకున్నారు. రిజిస్టరులో ఉన్నవాళ్ళు వీధిలో ఆడవేషంలో కనిపించినా, ఆడినా పాడినా రెండేళ్ళదాకా జైలు. పదహారేళ్ళలోపు మగపిల్లాడు ఇంట్లో ఉంటే మళ్ళీ రెండేళ్ళదాకా జైలు. ఇవన్నీ ఒక ఎత్తు. నన్ను ఆపేసిన సెక్షన్ ఇంకోటి. రిజిస్టరులో పేరున్న హిజ్రా ఎవరికీ సంరక్షకురాలిగా ఉండకూడదు. దానం రాయకూడదు. విల్లు రాయకూడదు. దత్తత తీసుకోకూడదు.

ఈ నాలుగూ ఒక్కసారి ఒక ముసలావిడ వైపు నుంచి చూడండి. పిల్లలు లేనివాళ్ళకి వయసు మళ్ళాక ఉండే దారులే ఈ నాలుగు. ఒకరిని పెంచుకోవడం, ఉన్నది వాళ్ళ పేర పెట్టడం, నన్ను చూసుకో, నా తర్వాత ఇది నీది అని చెప్పుకోవడం. ఆడటం పాడటం ఆపితే ఆ పూట తిండి పోతుంది. ఇవి ఆపితే చివరి రోజులే పోతాయి. కొత్తగా పిల్లలు చేరకుండా, ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే రాలిపోయి, కొన్నాళ్ళకి ఈ మనుషులే లేకుండా పోవాలన్నది అప్పటి కొందరు అధికారుల ఆశ అని చరిత్రకారిణి జెస్సికా హించీ ఆనాటి దస్త్రాలు తిరగేసి చూపించారు. వాళ్ళ ఆశ తీరలేదు. ముప్ఫై ఏళ్ళ కిందట మా గుమ్మంలో డోలక్ మోగిందంటే అర్థం అదే.

నిజాం రాజ్యంలో

హైదరాబాద్ బ్రిటిషువాళ్ళ నేరు పాలనలో లేదు కదా, ఇక్కడ నయం అనుకున్నాను. నిజాముల కాలంలో తమ పెద్దలకి ఆదరణ ఉండేదని ఇక్కడి హిజ్రాలు నేటికీ చెప్పుకుంటారు. కానీ ఆ నిజాం రాజ్యంలోనే, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో, 1329 ఫస్లీలో, అంటే మన లెక్కకి 1919లో, హిజ్రాల మీద చట్టం వచ్చింది. 1871 చట్టానికి దగ్గరి చుట్టమే. ఇక్కడా రిజిస్టరు ఉంది. ఆడవేషంలో బయట కనిపిస్తే, పబ్లిగ్గా ఆడితే పాడితే వారంటు లేకుండా అరెస్టు ఉంది. పదహారేళ్ళలోపు మగపిల్లాడు ఇంట్లో ఉండకూడదన్న నియమమూ ఉంది.

నిజాం వెళ్ళిపోయాడు, చట్టం ఉండిపోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక దానికి ‘తెలంగాణ ప్రాంతపు’ చట్టమని పేరు మారింది, అంతే. ఒకే రాష్ట్రంలో విజయవాడలో లేని చట్టం హైదరాబాద్‌లో ఉంది. మా అబ్బాయి బారసాలకి వచ్చి మా వాకిట్లో ఆడి, దీవించి వెళ్ళిన రోజున కూడా ఆ చట్టం పుస్తకాల్లో బతికే ఉంది. ఆవిడకి ఆ సంగతి తెలిసే ఉంటుంది. మాకు తెలియదు.

2018లో వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు హైకోర్టుకి వెళ్ళారు. 2023 జులై 6న తెలంగాణ హైకోర్టు ఆ చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. నూట నాలుగేళ్ళ తర్వాత! ట్రాన్స్‌జెండర్లకి ఆసరా పింఛను అందేలా చూడమని కూడా అదే తీర్పులో ప్రభుత్వానికి చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ట్రాన్స్‌జెండర్లకి సామాజిక పింఛను అంతకుముందే మొదలైంది. 2024 జులై నుంచి అది నెలకి 4,000 రూపాయలు.

నాలుగు వేలు ఏ మూలకి అని మనం అనుకోవచ్చు. వీధిలోకి వెళ్ళలేని మనిషికి నెల మొదట్లో తన పేరున వచ్చే నాలుగు వేలంటే బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, బియ్యం. చేలా చెయ్యి చూడకుండా గడిచే కొన్ని రోజులు. మా అత్తయ్యగారు కూడా పింఛను వచ్చిన రోజు గొంతు కాస్త పెంచి మాట్లాడేవారు. ఆ ధీమా ఏమిటో ఇంట్లో పెద్దవాళ్ళున్న ప్రతి ఆడదానికీ తెలుసు.

అంతా తేనె కాదు

ఇంతదాకా చదివి, ఆహా, వాళ్ళ కుటుంబాలే నయం అనుకోకండి. మన ఉమ్మడి కుటుంబాల్లాగే అవీనూ. సంపాదన ఇచ్చేది చేలా, ఖర్చు చెప్పేది గురువు. తప్పు చేస్తే జమాత్ పెద్దలు దండుగ వేస్తారు. గురువుని మారాలంటే కొత్త గురువు పాత గురువుకి డబ్బు కట్టాలి. కోడళ్ళ బాధలు పడినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

తమిళనాడుకి చెందిన రేవతి తన జీవితాన్ని తనే రాసుకున్నారు. దాన్ని మన పి. సత్యవతిగారు ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. చదవనివాళ్ళు తప్పకుండా చదవండి. గురువుల ఇళ్ళల్లో దొరికే ఆప్యాయతా, పడే దెబ్బలూ, పుట్టింటి కోసం పడే తపనా అన్నీ దాచకుండా ఉన్నాయి. నాకు అందులో ఎక్కువగా తగిలింది పుట్టింటి సంగతే. ఇంట్లోంచి వెళ్ళగొట్టినా తల్లిదండ్రుల మీద మనసు పోదు. బిడ్డ పంపిన డబ్బు పనికొస్తుంది, బిడ్డ కట్టిన చీర పనికిరాదు.

ఇంకో చిక్కు ఉంది. చేలాలు లేని గురువుల సంగతేమిటి? చేలాలు వేరే ఊళ్ళకి వెళ్ళిపోతే? చదువుకున్న ఈ కాలపు ట్రాన్స్ పిల్లలు చాలామంది జమాత్‌లోకి వెళ్ళకుండా ఉద్యోగాలు చూసుకుంటున్నారు. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసు విభాగంలో ట్రాన్స్‌జెండర్లని అసిస్టెంట్లుగా తీసుకున్నారు. రోడ్డు మీద వాళ్ళని యూనిఫాంలో చూస్తే నాకు భలే సంతోషమేసింది. వాళ్ళు అలా ఎదగాల్సిందే. కానీ పాత గొలుసు వదులైతే దాని చివర ఉన్న ముసలివాళ్ళని పట్టుకునే చెయ్యి ఏది? వృద్ధాశ్రమానికి వెళితే మొదటి ప్రశ్నే మగవాళ్ళ హాలా, ఆడవాళ్ళ హాలా అని. ఆస్పత్రి వార్డులోనూ అదే ప్రశ్న. ఆ వయసులో ఎవరికి సంజాయిషీ చెప్పుకుంటారు?

2011 జనాభా లెక్కల్లో మొదటిసారి ఆడ, మగ కాక ‘ఇతరులు’ అన్న వరస పెట్టారు. దేశంలో 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది ఆ వరసలో లెక్కకి వచ్చారు. చెప్పుకోనివాళ్ళు ఇంకెందరో. వీళ్ళంతా ఏదో ఒక రోజు ముసలివాళ్ళవుతారు. మనలాగే.

కుటుంబం అంటే ఎవరు

1990లో మధ్యప్రదేశ్ హైకోర్టు ముందుకి ఒక హిజ్రా ఇంటి ఆస్తి తగాదా వచ్చింది. గురు చేలాల మధ్య ఆస్తి సాగే ఆచారాన్ని ఆ కోర్టు గుర్తించింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, ఎవరు ఏమిటన్నది వాళ్ళు చెప్పుకున్నదే ప్రమాణమని తీర్పిచ్చింది. మరుసటి ఏడాది రిజర్వు బ్యాంకు కూడా ఫారాల్లో మూడో జెండర్‌కి చోటు పెట్టమని బ్యాంకులకి చెప్పింది. అంటే నువ్వెవరు అన్న గడికి జవాబు దొరికింది.

ఆమె నీకేమవుతుంది అన్న గడి మాత్రం అలాగే ఉంది. 2019లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం వచ్చినప్పుడు, కుటుంబం అంటే రక్తసంబంధం, పెళ్ళి, చట్టప్రకారం జరిగిన దత్తత, ఈ మూడింట్లో ఒకదానితో కలిసినవాళ్ళు అని రాశారు. గురువూ లేదు, చేలా లేదు, పాలతల్లీ లేదు. వాళ్ళ కోసమే వచ్చిన చట్టంలో వాళ్ళ కుటుంబానికే పేరు లేకపోయింది.

ఇది హిజ్రాలతో ఆగేది కాదు. మన చుట్టాల్లోనో, వీధిలోనో పెళ్ళి చేసుకోకుండా కలిసి ఉండిపోయిన ఇద్దరు టీచరమ్మలో, ఇద్దరు నర్సులో ఉండే ఉంటారు. ‘స్నేహితురాళ్ళు’ అని చెప్పుకుని ఊరుకుంటాం. వాళ్ళు కేవలం స్నేహితులే కావచ్చు, కాకపోనూవచ్చు. వాళ్ళకి గురువుల ఇల్లు లేదు, జమాత్ లేదు. ఒకావిడ మంచాన పడితే సంతకం పెట్టడానికి ఎక్కడి నుంచో తమ్ముడు రావాలి. పోతే ఇల్లు కూడా తమ్ముడిదే. నలభై ఏళ్ళు వండిపెట్టినావిడ సామాను సర్దుకోవాలి. మన తరంలో ఇంట్లోవాళ్ళ బలవంతం మీద పెళ్ళి చేసుకుని, లోపలి మాట ఎవరికీ చెప్పుకోలేక అరవై దాటిన మగవాళ్ళున్నారు, ఆడవాళ్ళున్నారు. వాళ్ళ ఒంటరితనం ఇంకో రకం. ఇల్లు నిండా మనుషులుంటారు, మాట చెప్పుకోవడానికి మాత్రం మనిషి ఉండదు.

2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ జంటల పెళ్ళికి చట్టబద్ధత ఇవ్వలేమంది. కానీ రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఆస్పత్రి లాంటి రోజువారీ ఇబ్బందుల్ని చూడడానికి కేంద్రం వేస్తామన్న కమిటీ సంగతి నమోదు చేసింది. ఆ తర్వాత 2024లో కొన్ని చిన్న తలుపులు తెరుచుకున్నాయి. ఇలాంటి జంటలు జాయింట్ ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ ఏ అడ్డూ లేదని కేంద్ర ఆర్థికశాఖ స్పష్టం చేసింది. రేషన్ కార్డులో ఒకే ఇంటివాళ్ళుగా చూడమని రాష్ట్రాలకి లేఖ వెళ్ళింది. దగ్గరి బంధువులు లేనప్పుడు భౌతికకాయాన్ని తోడున్నవాళ్ళు తీసుకెళ్ళే వీలు చూడమని ఆరోగ్యశాఖ కూడా రాసింది. చివరిది చదివినప్పుడు కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. ఇదీ కాగితం మీద రాస్తేగానీ దొరకని హక్కేనా అనిపించింది.

అంటే బ్యాంకులో ఆ కుర్రాడికి ‘ఫ్రెండ్’ అని రాయవలసిన అవసరమే లేదన్నమాట. అతనికి తెలియదు, వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు.

మళ్ళీ ఆ పెద్దావిడ

శ్రావణమాసంలో కూరగాయల బజారులో ఆ చేలా కనిపించింది. పలకరించాను. బారసాల సంగతి చెబితే, “అయ్యో అక్కా, మీరా! ఆ రోజు నేను ఇంకా రాలేదు, మా గురువు మాత్రం గుర్తుపెట్టుకునే ఉంటుంది. అన్ని ఇళ్ళూ ఆమెకి గుర్తే” అంది. గురువుకి నడక తగ్గిందట. రాత్రుళ్ళు రెండుసార్లు లేపి తనే బాత్రూముకి తీసుకెళుతుందట. గురువుకి ఒక గది, ఆ డిపాజిట్ తప్ప ఇంకేం లేవు. అన్నదమ్ముల పిల్లలు ఎప్పుడూ తొంగి చూడలేదు గానీ, ఈ మధ్య ఆ గది గురించి కబురు పెడుతున్నారట.

నామినీ ఉంది కదా అని ఆమె ధీమా. మాకు తెలిసిన వకీలుగారిని అడిగితే, నామినీ అంటే బ్యాంకు డబ్బు అందుకునే మనిషే తప్ప దానికి హక్కుదారు కాదన్నారు. విల్లు లేకపోతే గదీ డబ్బూ రక్తసంబంధీకులకే వెళతాయి. ముస్లిం అయితే వారసులు కానివాళ్ళకి విల్లు మూడో వంతుకే చెల్లుతుంది గనక, బతికుండగానే దానంగా ఇవ్వడం మంచిదన్నారు. ఈ పెద్దావిడ హిందువు కాబట్టి, స్వార్జితం మొత్తం ఎవరికైనా రాసుకోవచ్చు. కావలసింది తెల్లకాగితం, ఆమె సంతకం, లబ్ధి పొందని ఇద్దరు సాక్షుల సంతకాలు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది.

సాక్షులుగా మా వారూ నేనూ వెళ్ళాం. గదిలో గోడకి ఎల్లమ్మ తల్లి పటం, పక్కన ఆమె గురువు ఫొటో, దానికి ఎండిన దండ. పెద్దావిడ మంచం మీద కూర్చుని నన్ను తేరిపార చూసి, “పిల్లాడు బాగున్నాడా? ఏం చేస్తున్నాడు?” అని అడిగింది. బెంగళూరులో ఉద్యోగమని చెప్పాను. “నిన్ను చూసుకుంటాడా?” అంది. ఏమో అని నవ్వేశాను.

వకీలుగారు రాసిన ముసాయిదా చదివి వినిపిస్తూ, చేలా పేరు దగ్గర ఆగి, “ఈమె మీకేమవుతుందని రాయమంటారు?” అని అడిగారు. విల్లులో ఆ మాట ఏమని రాసినా చెల్లుతుందట.

“చేలా అని రాయండి. దాని పక్కన కూతురు అని కూడా రాయండి” అంది.

రెండూ రాశారు. ఆవిడ నిదానంగా సంతకం పెట్టింది. కింద మా వారు, ఆ కింద నేను.